అతడు చెప్పలేదు, ఆయన అడగలేదు

లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యెఁ, బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను; మూర్ఛ వచ్చెఁ; దనువున్ డస్సెన్; శ్రమంబయ్యెడిన్;
నీవే తప్ప నితఃపరం బెఱుఁగ; మన్నింపం దగున్ దీనునిన్;
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షింపు భద్రాత్మకా!

హెచ్ఐవీతో బతుకుతూ యాభై, అరవై దాటినవాళ్లను తలచుకుని ఈ పోతన పద్యం చదవండి. ఇందులో ఒక్క మాటా అలంకారంగా వినిపించదు. 1996లో మూడు మందుల చికిత్స వచ్చేదాకా ఈ జబ్బును అదుపులో నిలిపే దారి లేదు. ఆ రోజులు దాటి వచ్చినవాళ్లు తోటివాళ్లను ఎందరినో పోగొట్టుకున్నారు. ముసలితనం చూస్తామని అనుకోనివాళ్లకు ఇప్పుడు గుండెజబ్బులు, ఎముకల బలహీనత కూడా తోడవుతున్నాయి. గజేంద్రుడు మొసలితో వేయేళ్లు పోరాడాడంటే వీళ్లకు అతిశయోక్తి అనిపించదు.

వీళ్లలో చాలామందిని కుంగదీసేది మాత్రం జబ్బుకన్నా, “ఇది నేను చేసిన పాపానికి శిక్షేమో” అన్న దిగులు. గజేంద్రుడికీ వెనక ఒక కథ ఉంది. పూర్వజన్మలో అతడు ఇంద్రద్యుమ్న మహారాజు, అగస్త్యుడి శాపంతో ఏనుగై పుట్టాడు. అయినా ఈ పద్యంలో ఆ ఊసే లేదు. మన్నించమన్నాడు గానీ ఏ తప్పుకో చెప్పలేదు. శ్రీహరీ అడగలేదు. పక్కనున్న లక్ష్మీదేవికైనా చెప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. అంతకుముందే “కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో” అని గజేంద్రుడు సందేహించాడు కూడా. ఆ సందేహాన్నీ స్వామి తప్పుపట్టలేదు. ఆప్తులను పోగొట్టుకుని దేవుడి మీద అలిగినవాళ్లకు ఇంతకన్నా ఊరట నాకు ఎక్కడా కనిపించలేదు.

శరణాగతి అంటే మందు మానేయడం కాదు. ఒంట్లో సత్తువ ఉన్నంతసేపూ గజేంద్రుడు పోరు విడవలేదు. మందులు ఆపితే వైరస్ సాధారణంగా కొద్ది వారాల్లోనే తిరిగి పుంజుకుంటుంది. క్రమం తప్పకుండా వాడుతూ, పరీక్షలో కనిపించనంతగా వైరస్ అణిగి ఉంటే, లైంగికంగా మరొకరికి సోకదు. “ప్రార్థన చాలు, మాత్రలెందుకు” అనేవారి మాట దయచేసి వినకండి. రోజూ వేసుకునే ఆ మాత్రను నేను నిత్యపూజలో భాగమనే అంటాను.

ఈ కథలో మనం అంతగా పట్టించుకోనివి ఆడ ఏనుగులు. మొసలి పట్టు విడిపించడం వాటివల్ల కాలేదు. అయినా అతణ్ని ఒక్కణ్నీ వదిలిపోవడానికి కాళ్లు రాక అక్కడే నిలబడ్డాయని పోతన రాశాడు. భజనలోనో సత్సంగంలోనో మీ పక్కన ఇలాంటి పెద్దాయనో పెద్దావిడో కూర్చుంటే, ఎలా వచ్చిందని అడగకండి. జరిగి కాస్త చోటివ్వండి, ఆ గొంతుతో మీ గొంతూ కలపండి.