రైల్ ప్రెజర్ ఎందుకు పడిపోతోందో దొరికింది

దొరికింది! ఘాట్ ఎక్కేటప్పుడు నా డీజిల్ బండి ఉన్నట్టుండి చచ్చుబడటానికి కారణం పంపు కాదు, ఇంజెక్టర్లు కాదు, వాల్వ్ కాదు. ట్యాంకులోంచి డీజిల్ లాగే పైపుకి ఒక మిల్లీమీటరైనా లేని తుప్పు చిల్లు. నిన్న సాయంత్రం దాన్ని కళ్ళారా చూసినప్పటి నుంచి ఎవరికైనా చెప్పాలని ఒకటే ఆరాటంగా ఉంది. ఇవే లక్షణాలకి హై ప్రెజర్ పంపు మార్పించుకుని, తర్వాత కూడా ఘాట్ ఎక్కలేక బండి అమ్మేసుకున్నవాళ్ళు నాకు తెలుసు. అందుకే లెక్కలతో సహా రాస్తున్నాను.

ముందు బండికున్న చిన్న చిన్న ఇబ్బందులు. ఎడమకి లాగడం అలైన్‌మెంట్‌తో పోయింది. గేరు వేసి క్లచ్ వదలగానే వెనక టక్‌మనడం, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి గ్రీజు కొట్టగానే ఆగింది. ఐడ్లింగ్‌లో వణుకు ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపేది) మసి గీకితే సర్దుకుంది.

ఇక అసలు రోగం. బండి సెకండ్ హ్యాండ్ డబుల్ క్యాబ్, 2.5 లీటర్ల కామన్ రైల్ డీజిల్. అంటే పంపు గట్టి ఒత్తిడితో నింపే ఒకే గొట్టం (రైల్) నుంచి ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందుతుంది, ఆ గొట్టంలోని ఒత్తిడే రైల్ ప్రెజర్. విశాఖ ఊళ్ళో, హైవే మీద వంక పెట్టడానికి లేదు. ఎస్.కోట, బొడ్డవర దాటి అరకు ఘాట్ అందుకున్నాక, మూడో గేరులో గట్టిగా తొక్కితే ఉన్నట్టుండి పికప్ చచ్చిపోయేది. చెక్ ఇంజిన్ లైటు, కోడ్ పి0087 (రైల్ ప్రెజర్ చాలడం లేదని), లింప్ మోడ్ (ఇంజిన్ తన శక్తిని తానే తగ్గించుకోవడం). ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే కొన్ని మలుపుల దాకా మామూలే. వెనక బస్సు హారన్ కొడుతుంటే ఎత్తు మీద బండి అలా చచ్చుబడితే ఎంత టెన్షనో ఘాట్ నడిపినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

స్కానర్‌లో ఐడ్లింగ్‌కి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) 300 బార్ రైల్ ప్రెజర్ అడిగితే 295 నుంచి 305 మధ్య నిలకడగా ఉంది. ఎత్తు మీద 1,200 అడిగితే 1,180 దాకా వచ్చి, అక్కడి నుంచి 950కి, 700కి జారిపోయింది. చవక బ్లూటూత్ అడాప్టర్లు కోడ్లు చదవడానికి సరే కానీ, క్షణాల్లో పడిపోయే ప్రెజర్‌ని పట్టుకోలేవు. కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపాకే గ్రాఫ్ సరిగ్గా వచ్చింది. ఇలాంటి పనికి కేబుల్ అడాప్టరే కొనమంటాను.

పంపు షాపులో ఒకటే మాట: "పంపు పోయింది సార్, దించాల్సిందే." నాకు నమ్మకం కుదరలేదు. పంపు అరిగిపోతే హైవే మీద వంద దాటినప్పుడు కూడా ప్రెజర్ పడాలి కదా, అక్కడ పడటం లేదు. డీజిల్ ఫిల్టర్ మార్చాను, తేడా లేదు. ఫిల్టర్ దగ్గర మాత్రం డబ్బు చూసుకోకండి, కంపెనీదో బాష్‌దో వేయండి. సక్షన్ కంట్రోల్ వాల్వ్ (పంపులోకి వెళ్ళే డీజిల్‌ని తగ్గించి పెంచేది) రెసిస్టెన్స్ 2.1 ఓమ్‌లు, బాగానే ఉంది. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకి (మిగులు డీజిల్‌ని వెనక్కి పంపేవి) నాలుగు సీసాలు కట్టి ఐడ్లింగ్‌లో కొలిస్తే, నిమిషానికి అన్నీ 30 నుంచి 35 మి.లీ. లోపే. ఏ ఒక్కటీ ఎక్కువ వదలడం లేదు.

దారి చూపింది పొద్దుటి స్టార్టింగ్. ఫుల్ ట్యాంకు ఉన్న రోజుల్లో సెల్ఫ్ కొట్టగానే అందుకునేది. ముల్లు సగం కిందికి దిగాక, రాత్రంతా నిలబెట్టి పొద్దున తీస్తే ఎనిమిది, పది సెకన్లు సెల్ఫ్ కొట్టాల్సి వచ్చేది. అదే ముందు ఫిల్టర్ మీది హ్యాండ్ ప్రైమర్ గట్టిపడేదాకా నొక్కి సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్ట్! అంటే రాత్రి లైనులోని డీజిల్ వెనక్కి దిగిపోతోంది, దాని చోట్లోకి గాలి చేరుతోంది.

ఈ బండి ట్యాంకులో వేరే పంపు లేదు. ఇంజిన్ దగ్గరున్న హై ప్రెజర్ పంపులోని ఫీడ్ పంపే ట్యాంకు దాకా డీజిల్‌ని లాక్కుంటుంది. కాబట్టి ఆ లైనులో ఎక్కడ పగులున్నా ఇంజిన్ నడుస్తున్నప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద ఒక్క చుక్క పడలేదని లైను బాగుందనుకోవడానికి వీల్లేదు. ఫిల్టర్ తర్వాత 8 మి.మీ. పారదర్శక పైపు ముక్క వేసి చూస్తే, ఐడ్లింగ్‌లో శుభ్రంగా ఉంది. 2,500 ఆర్‌పీఎమ్‌కి లేపి పట్టుకుంటే 3, 4 మి.మీ. బుడగలు వరసగా వచ్చాయి. ఆ పైపు పరీక్ష అవగానే తీసేయండి, డీజిల్‌కి అది గట్టిపడి పగులుతుంది.

గాలి ఎక్కడ చేరుతోందో తేల్చడానికి లైనుని సగం సగం వేరు చేశాను. మొదట ఇంజిన్ గదిలో, ఎగ్జాస్ట్‌కి దూరంగా, అయిదు లీటర్ల క్యాన్ కట్టి ఫీడ్, రిటర్న్ రెండూ దానికే కలిపాను. బుడగలు లేవు. తర్వాత క్యాన్‌ని వెనక తొట్టిలోకి మార్చి, ట్యాంకు నుంచి బయటికొచ్చే చోట ఛాసిస్ వెంట ఇంజిన్ దాకా వెళ్ళే లైనుకి కలిపాను. అప్పుడూ బుడగలు లేవు. ఆ రెండో పరీక్షలో ఛాసిస్ పైపు, రబ్బరు గొట్టాలు, క్లిప్పులు అన్నీ పాతవే, ట్యాంకు ఒక్కటే పక్కన పెట్టింది. అదే సెటప్‌తో అరకు ఘాట్‌లో టైడ వైపు ఎత్తు ఎక్కిస్తే, అడిగిన 1,200 కి 1,190 దగ్గర గీత గీసినట్టు నిలబడింది. బండిలో ఒక్కణ్ణే ఉన్నా గట్టిగా అరిచేశాను.

ట్యాంకు దించి సెండర్ యూనిట్ (డీజిల్ మట్టం కొలిచే భాగం, లాగే పైపు కూడా దానికే ఉంటుంది) బయటికి తీస్తే, డీజిల్ లాగే స్టీలు పైపు పైకి బాగానే కనిపించింది. అడుగున జాలీ శుభ్రంగా ఉంది. అడుగు కొసకి బిరడా బిగించి, బకెట్ నీళ్ళలో ముంచి, పై కొస నుంచి సైకిల్ పంపుతో గాలి కొట్టాను. అడుగు నుంచి 95 మి.మీ. ఎత్తులో, పైపు వెనకవైపు సన్నటి బుడగల వరస! గుడ్డతో తుడిచి లెన్సు పెట్టి చూస్తే, గోధుమరంగు తుప్పు మచ్చ మధ్య నల్లటి చుక్క. కొబ్బరి బోండాం స్ట్రాకి మధ్యలో చిల్లు పడితే ఎంత పీల్చినా గాలే వస్తుంది చూడండి, అచ్చంగా అదే.

ఇప్పుడు ప్రతి లక్షణమూ ఎక్కడికక్కడ అతుకుతోంది. డీజిల్ మట్టం చిల్లుకి పైన ఉన్నంతసేపు ఇబ్బంది లేదు, అక్కడ లోపలికి వచ్చేది కూడా డీజిలే. సెండర్ ట్యాంకు మధ్య నుంచి ఇంచుమించు 30 సెం.మీ. ముందుకు ఉంది. 10 శాతం ఎత్తు మీద డీజిల్ వెనక్కి పోయి, పైపు దగ్గర మట్టం 3 సెం.మీ. తగ్గుతుంది. అందుకే చదును రోడ్డు మీద పావు ట్యాంకు దాకా నెట్టుకొచ్చే బండి, ఘాట్‌లో సగానికే చేతులెత్తేసింది. సరిగ్గా ఆ ఎత్తులోనే తుప్పు ఎందుకు పట్టిందంటే, నా ఊహ ఇది: పాత ఓనరు దగ్గర బండి చాలాకాలం కదలకుండా ఉంది. సముద్రపు గాలి, సగం ఖాళీ ట్యాంకులో చెమ్మ, డీజిల్‌కీ గాలికీ మధ్య గీత అక్కడే నిలబడిపోయి ఉంటుంది.

రిపేరుకి మొదట రబ్బరు గొట్టం తొడిగి క్లిప్పులు బిగిద్దామనిపించింది. కానీ డీజిల్‌లో మునిగి ఉండే చోట మామూలు ఫ్యూయల్ గొట్టం పనికిరాదు, దాని పై పొర మునిగి ఉండటానికి చేసింది కాదు. ఎస్‌ఏఈ జే30ఆర్10 రకం కావాలి, నాకు ఇక్కడ దొరకలేదు. గ్యాస్ వెల్డింగ్ తాత పైపు తిప్పి తిప్పి చూసి, "ఇది అంటించినా పక్కన ఇంకోచోట పోద్ది బాబూ, కొత్తది వేయించుకో," అన్నాడు. ఆయన మాటే సబబు. 8 మి.మీ. స్టెయిన్‌లెస్ పైపు కోయించి, సెండర్ పై ప్లేటుకి సిల్వర్ బ్రేజింగ్ (వెండి కలిసిన లోహంతో అతుకు) చేయిస్తున్నాను. అడుగు కొస ఏటవాలుగా కోసి, ట్యాంకు అడుగుకి 10 మి.మీ. పైన ఆపుతాం. సెండర్ గాస్కెట్ కొత్తదే, పాతది ఉబ్బిపోయింది.

ట్యాంకు కడిగి ఎక్కించాక, కావాలనే పావు ట్యాంకు డీజిల్‌తో టైడ ఎత్తు ఎక్కించి గ్రాఫ్ తీస్తాను. ఫిల్టర్‌కి ముందు నీళ్ళు వేరుచేసే గిన్నె ఒకటి పెట్టాలనుంది, గాజు గిన్నె అయితే బుడగలు కూడా కనిపిస్తాయి. కాకపోతే జాయింట్లు పెరుగుతాయి, సక్షన్ లైనులో ప్రతి జాయింటూ గాలికి కొత్త దారే. దాని మీద ఇంకా ఎటూ తేల్చుకోలేదు. ఆ తర్వాత వెనక కమాను కట్టలు. ఖాళీ బండి గతుకుల్లో విపరీతంగా ఎగురుతోంది, ఒక పట్టీ తీయించి చూస్తాను. చలికాలానికి నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్ళేలోపు ట్యాంకు పనీ, కమాను పనీ రెండూ అయిపోవాలి.