నాలుగింట మిగిలిన మూడు

2011లో మేం ఇల్లు మారినప్పుడు పాత వార్తాపత్రికల కట్టలతో పాటు ఒక అట్టపెట్టె కూడా పాతపేపర్ల తూకంలోకి వెళ్లిపోయింది. పొరపాటు నాదే. పెట్టె మీద ఏముందో రాసి ఉంచలేదు. నెల తిరిగాక వెతుక్కుంటే తెలిసింది, రీసెర్చి రోజుల నాటి నా ఫీల్డు నోటుపుస్తకాల్లో రెండోది అందులో ఉందని. మొత్తం నాలుగు రాశాను. మూడు మిగిలాయి. మన పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పటి నుంచీ నా మనసు ఆ పోయిన పుస్తకం చుట్టూనే తిరుగుతోంది.

వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని మన డిపార్ట్‌మెంటులో ఎమ్మెస్సీ చేసి, 1993లో పీహెచ్‌డీలో చేరాను. గౌతమి గోదావరిలో ఉప్పునీరు ఎంత దూరం ఎక్కుతుంది, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎలా మారుతుంది అన్నది నా పని. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది కదా, అందులో గౌతమి పాయ కోటిపల్లి, యానాం మీదుగా సముద్రంలో పడుతుంది. వేసవిలో ఆనకట్ట మీంచి కిందికి నీళ్లు దాదాపు రావు. అప్పుడు పోటుతో పాటు సముద్రం నదిలోకి ఎక్కుతుంది. ఉప్పునీరు బరువైనది కాబట్టి అడుగునుంచి చొచ్చుకొస్తుంది. పైన నోట్లో పోసుకుంటే కాస్త చప్పగా ఉన్న నీరే అడుగున సముద్రమంత ఉప్పగా ఉన్న రోజులు చూశాను. జూలైలో వరద ఎర్రనీరు దిగిందంటే కథ తిరగబడుతుంది. మొగ దాకా, అంటే నది సముద్రంలో కలిసేచోటు దాకా, మంచినీరే. సెక్కీ డిస్క్ అని తెల్లటి పళ్లెం ఒకటి తాడుతో దించి ఎంత లోతున కనుమరుగవుతుందో చూసేవాళ్లం. ఎర్రనీటిలో అది జానెడు దిగకుండానే మాయమయ్యేది. ఒడ్డున మాత్రం ఆ రోజుల్లోనే సందడి. సముద్రం నుంచి ఎదురెక్కే పులసల కోసం జనం పొద్దున్నే రేవులో కాపు కాసేవారు.

నెలకోసారి వెళ్లి సీసాలు నింపుకొచ్చేవాళ్లం. ఏడాది గడిచాక మా గురువుగారు ఒక ప్రశ్న వేశారు. నెలలో ఒక రోజు, ఒక గంటలో పట్టిన నీరు ఆ నెలంతటికీ సాక్ష్యం చెబుతుందా? పోటులో పట్టావా, పాటులో (నీరు వెనక్కి తీసేటప్పుడు) పట్టావా? ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే ఒకేచోట లంగరు వేసి గంటగంటకూ నీళ్లు పట్టాలి. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. రెండు పోట్లు, రెండు పాట్లు చూడాలంటే 25 గంటలు పడవలోనే ఉండాలి.

ఆడపిల్ల రాత్రంతా నది మధ్యలో పడవలో ఉండటం మా నాన్నగారికి మింగుడు పడలేదు. తోడుగా ఇంకో పరిశోధక విద్యార్థిని, ఒక జూనియర్ అబ్బాయి వస్తున్నారన్నా ఊహూఁ అన్నారు. ఆయన్ని ఒప్పించింది మా పడవ నడిపే సరంగు. మేం బాబాయి అని పిలిచేవాళ్లం. యానాం రేవులో మా నాన్నగారితో, "మా ఇంటిదాన్ని కూడా తెస్తానండి. అమ్మాయిగారు మా పిల్లలాంటిదే, ఆయ్" అన్నాడు. అన్నట్టే పిన్నిని తీసుకొచ్చాడు. గిన్నెలో చద్దన్నం, ఉప్పుచేప ముక్కలు, హరికేన్ లాంతరు, ఒక దుప్పటి. అప్పటికి యానాం, ఎదుర్లంకల మధ్య వారధి లేదు. పగలంతా మా పక్కనుంచి జనాన్ని దాటించే పంటు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది.

ఉదయం 6 గంటలకు మొదటి సీసా. గంటకు రెండేసి, పైనీటిది ఒకటి, అడుగునీటిది ఒకటి. అడుగునీటికి శాంప్లర్‌ని, అంటే నీళ్లు పట్టే గొట్టాన్ని, మూత తెరిచి తాడుతో దించి, తాడు వెంబడి మెసెంజర్ అనే ఇత్తడి బరువును వదిలేవాళ్లం. అది జారిపోయి కింద టక్కుమని తగిలితే మూత పడేది. రాత్రిపూట ఆ దెబ్బ తాడు పట్టుకున్న వేళ్లకు తెలిసేది. వేళ్లకు తెలియకపోతే మళ్లీ పైకి లాగి మొదటినుంచీ చేయాల్సిందే.

ఇక ఆక్సిజన్ సీసా. దీని గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను రీసెర్చి నేర్చుకున్నది ఆ 125 మిల్లీలీటర్ల గాజుసీసాలోనే. రబ్బరుగొట్టం సీసా అడుగు దాకా పెట్టి, నీరు నిండి పొర్లిపోయేలా కాసేపు వదలాలి. గొట్టాన్ని నెమ్మదిగా తీయాలి. గాలి కలిస్తే లెక్క చెడుతుంది. పిపెట్టు కొన నీళ్లలోపల ఉంచి ఒక మిల్లీలీటరు మాంగనస్ క్లోరైడ్, ఒక మిల్లీలీటరు ఆల్కలైన్ అయోడైడ్. మూత ఏటవాలుగా దించి బిగించి, సీసా తలకిందులు చేసి చూస్తే లోపల బుడగ ఉండకూడదు. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి మేఘంలా కమ్ముకుంటుంది. ఎంత ఎక్కువ ఉంటే అంత ముదురు. అసలు లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. ఆ మడ్డిలో ఆక్సిజన్ చిక్కుబడి ఉంటుంది కాబట్టి తడి గోనెసంచి కింద చీకట్లో దాచి, ఒడ్డుకు చేరాక మిగతా పని చేసుకోవచ్చు. యాసిడ్ పోస్తే అయోడిన్ పచ్చగా తేలుతుంది. వరిగడ్డి రంగుకు వచ్చేదాకా బ్యూరెట్టు (కొలత గీతలున్న గాజుగొట్టం) లోంచి థయోసల్ఫేట్ వదిలి, స్టార్చి వేస్తే నీలం. అక్కడినుంచి చుక్క, చుక్క, ఆఖరి చుక్కకు నీలం చటుక్కున పోతుంది. ఎంత థయోసల్ఫేట్ పట్టిందో దాన్నిబట్టి ఆక్సిజన్ లెక్క. ఇది వింక్లర్ పద్ధతి, 19వ శతాబ్దం నాటిది. తర్వాత నేను సాగర్ కన్య అనే పరిశోధక నౌక మీద బంగాళాఖాతంలో తిరిగినప్పుడు కంప్యూటర్ తెర మీద ఆక్సిజన్ గీత తనంతట తానే దిగుతూ కనిపించేది. అక్కడ కూడా ఆ సెన్సారు నిజం చెబుతోందా లేదా అని తేల్చడానికి పక్కన వింక్లర్ సీసాలే పెట్టుకునేవాళ్లం.

తెల్లవారుజామున 4 గంటలకు నాకు కళ్లు మూసుకుపోతున్నాయి. పిన్ని లాంతరు పట్టుకుని ఉంది. సీసా కుదిపి గోనె కింద పెట్టబోతుంటే, "ఇది ఇందాకటంత ముదురుగా లేదేంటమ్మా?" అంది. దగ్గర పెట్టి చూశాను. నిజమే. మధ్యాహ్నం సీసాలు ముదురు బెల్లం రంగులో ఉంటే ఇది పల్చటి టీలా ఉంది. పగలు ఎండలో నీటినాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రంతా నీళ్లలో ఉన్న సమస్తమూ దాన్ని పీల్చుకుంటుంది, తెల్లవారకముందు అతి తక్కువ ఉంటుంది. పరీక్షల్లో ఎన్నోసార్లు రాసిన జవాబు. కానీ నాకంటే ముందు ఆమె కళ్లు చూశాయి. నోటుపుస్తకంలో పెన్సిలుతో (మంచుకు సిరా అలుక్కుపోతుంది, అందుకని పెన్సిలే) రాసుకున్నాను: "4.00. రంగు పల్చన. పిన్ని చెప్పింది." అంతకుముందు 2 గంటల అడుగునీటి సీసా పక్కన "బుడగ" అని రాసి కొట్టేశాను.

పాతపేపర్లలో పోయింది ఆ పుస్తకమే.

థీసిస్ ఉంది కదా అంటారు మా పిల్లలు. ఉంది. అందులో ఆ 25 గంటలకూ ఒక చక్కటి గీత ఉంది. గీత అబద్ధం కాదు. కానీ 2 గంటల చుక్క ఎందుకు లేదో గీత చెప్పదు. ఆ రోజు థయోసల్ఫేట్ బలం ఎంతో, బ్యూరెట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పదు. రేపు ఎవరైనా పిల్లలు అదే యానాం దగ్గర లంగరు వేసి, ముప్పై ఏళ్లలో ఏం మారిందో తేల్చాలంటే నా గీత చాలదు, నా అంకెలు కావాలి.

మనం ఈ సంగతి మిగతావాళ్లకంటే గట్టిగా పట్టించుకోవాలని నేను ఎందుకంటానంటే, మన వాల్తేరుకు ఆ చరిత్ర ఉంది. 1952లో సముద్రశాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఫుల్‌బ్రైట్ ప్రొఫెసరుగా అమెరికా నుంచి వచ్చి ఇక్కడి విద్యార్థులతో కలిసి సముద్రం మీద పని మొదలుపెట్టారు. నౌకాదళం ఇచ్చిన ఓడల మీద వెళ్లి నీటి వేడి, ఉప్పదనం కొలిచారు. ఎండాకాలం మొదట్లో నైరుతి నుంచి గాలి తీరం వెంబడి వీస్తే పైనీరు తీరానికి దూరంగా జరిగి, అడుగునున్న చల్లటి నీరు పైకి రావడం మన తీరంలో అలా రికార్డయింది. ఒడ్డున ఇసుక మట్టం ఎప్పుడెప్పుడు పెరిగి తరుగుతోందో కూడా కొలిచి పెట్టుకున్నారు. అవన్నీ 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మెమాయిర్స్‌గా, అంటే పరిశోధన వ్యాసాల సంపుటంగా, అచ్చయ్యాయి. 1963లో ఆంటన్ బ్రూన్ అనే పరిశోధక నౌక ఇటు వచ్చినప్పుడు తూర్పు తీరపు అంచులో కనుగొన్న సముద్రపు లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ అంటే మన భూగర్భశాస్త్రం ప్రొఫెసర్ సి. మహదేవన్‌గారే. ఆ ఓడ అంతకుముందు అమెరికా అధ్యక్షుల విహార నౌక అని తెలిసినప్పుడు ఎందుకో చాలా సంతోషం వేసింది నాకు.

ఇసుక లెక్క చిన్న విషయంగా కనిపిస్తుంది. విశాఖ ఔటర్ హార్బరు 1976లో వచ్చింది. దక్షిణం నుంచి తీరం వెంట ఉత్తరానికి నడిచే ఇసుక రేవు గోడల దగ్గర ఆగిపోతుంది. అందుకే తవ్విన ఇసుకను మళ్లీ బీచిలోకి పంపాల్సి వస్తోంది. అసలు హార్బరుకు ముందు ఈ బీచి ఏ నెలలో ఎంత ఉండేది అని ఎవరైనా అడిగితే, ఆనాటి విద్యార్థులు కొలిచి రాసిన అంకెలు తప్ప ఇంకెక్కడ వెతుక్కుంటాం? ఇప్పుడు ఆర్గో పరికరాలు ప్రపంచ సముద్రాలన్నిటా తేలుతూ, మునుగుతూ లెక్కలు పంపుతున్నాయి. మన హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో కూర్చుని బంగాళాఖాతం లోపలి వేడి చూడొచ్చు. కానీ ఆర్గో మొదలైంది 2000 ప్రాంతంలో. అంతకుముందువి ఓడల రికార్డుల్లో, మన అటకల మీద ఉన్నాయి. పైగా ఆర్గో యానాం రేవులోకి రాదు.

నా నాలుగో పుస్తకంలో ఒక పేజీలో తేదీ తప్ప ఏమీ లేదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తుపాను తీరం దాటింది. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు పడి దారులన్నీ మూసుకుపోయాయి. మేం మూడోవారంలో వెళ్లాం, బియ్యం, దుప్పట్లు తీసుకుని. సీసాలు తీసుకెళ్లాలన్న ఆలోచన కూడా రాలేదు, తెస్తే పాపం అనిపించేది. బాబాయి, పిన్ని బతికే ఉన్నారు. పడవ లేదు. బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మొగ కాడ మెట్టలన్నీ తిరగబడిపోయాయండి. నీళ్లేవో, దారేదో నాకే తెలవట్లేదు" అన్నాడు. వెళ్లేముందు పిన్ని నా సంచి వైపు చూసి, "సీసాలు తేలేదామ్మా?" అంది. ఆ నెల లెక్క లేదు. తర్వాతి నెల వేరే పడవలో వెళ్లాం. బాబాయే తోలాడు.

అందుకని ఒక కోరిక. ఈసారి కలిసేటప్పుడు మీ దగ్గరున్న ఫీల్డు పుస్తకాలు, ఓడ మీద రాసిన లాగ్ షీట్లు, బ్యూరెట్టు రీడింగుల చిత్తు కాగితాలు ఏవైనా సరే తీసుకురండి. ఇంకు వెలిసినవీ, అర్థంకానివీ కూడా. స్కాన్ చేసి వెంటనే తిరిగిచ్చేద్దాం. పుస్తకం మొదటి పేజీ మీద ఊరు, పడవ, ఏ పరికరం అన్న మూడు మాటలు ఇప్పుడే రాసి పెట్టండి. గుర్తున్నప్పుడే రాయాలి. చనిపోయిన మన మిత్రుల ఇళ్లలో కూడా అడగండి. అక్కడ అవి ఏమిటో తెలిసినవాళ్లు ఉండకపోవచ్చు.

నావి మూడూ సంచిలో సర్దేశాను. మూడో పుస్తకం అట్ట మీదా, లోపల పది పన్నెండు పేజీల మీదా నల్లటి మచ్చలున్నాయి. ఉప్పదనం లెక్క కట్టే సిల్వర్ నైట్రేట్ ఒలికింది, అది పోదు. వాటి కింద అంకెలు కనిపించకపోతే నన్ను అడగండి. చాలావరకు చెప్పగలను.