దూది ఎప్పుడు తాకింది?

కళ్లు మూసుకోమని చెప్పి డాక్టరు నా కాలి బొటనవేలికి దూది తాకించారట. "ఎప్పుడు తాకిస్తారండీ?" అని అడిగాను. అప్పటికే రెండుసార్లు అయిపోయింది.

ఒంగోలు బస్సెక్కేటప్పుడే నా తీర్పు సిద్ధం: నడుము నొప్పికీ తిమ్మిరికీ కారణం వెనక జేబులోని లావుపాటి పర్సే. ఆయన అలా తేల్చెయ్యలేదు. డిస్కు జారి నరాన్ని నొక్కవచ్చు, బి12 తగ్గి ఉండవచ్చు, షుగరు కావచ్చు అన్నారు. రక్తపరీక్షలు, ఎమ్మారై రాశారు. మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా ఆ క్షణమే రమ్మన్నారు.

చివరి ప్రశ్న మాత్రం ఇంకా వదలడం లేదు. "చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారు?"

దర్శి దగ్గర మా ఊరి బోరు నీళ్లు. ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుంటే వెన్ను బిగుసుకుపోతుంది, ముదిరితే వెన్నుపామునూ నొక్కుతుంది. 1937లోనే ఈ ప్రాంతపు ఫ్లోరోసిస్ వైద్య పత్రికకెక్కింది. అప్పట్లో మాది నెల్లూరు జిల్లా.

తాతయ్య ఎవరైనా పిలిస్తే మెడ తిప్పేవాడు కాదు, మనిషే మొత్తం తిరిగేవాడు. అది ఆయన దర్పమని మేము నవ్వుకునేవాళ్లం.

రిపోర్టులు సోమవారం వస్తాయి. పర్సు మాత్రం ఇవాళే చొక్కా జేబులోకి మారింది.