నాన్న కంప్యూటర్‌కి మళ్లీ డయల్ టోన్

ఈ ఆదివారం పొద్దంతా నాన్న పాత కంప్యూటర్‌తోనే గడిచింది. పెంటియం త్రీ, 128 ఎంబీ ర్యామ్, విండోస్ 98 సెకండ్ ఎడిషన్. దానితోపాటు డీ-లింక్ ఎక్స్‌టర్నల్ మోడెమ్, దాని సీరియల్ కేబుల్, అడాప్టర్, డ్రైవర్ల సీడీ అన్నీ నాన్న ఒక పాత తువ్వాలులో చుట్టి అటక మీద పెట్టించారు. వీటిని మళ్లీ డయల్-అప్ మీద, అంటే మోడెమ్‌తో ఫోన్ కాల్ చేయించి, నెట్‌కి కలపాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. 2025 సెప్టెంబరు 30న అమెరికాలో ఏఓఎల్ అనే కంపెనీ తన డయల్-అప్ సర్వీసు ఆపేసిందని చదివాక ఇంకా ఆలస్యం చేయకూడదనిపించింది. నాన్నకి ఆ మోడెమ్ చప్పుడు ఇప్పుడే, ఆయన చెవులు బాగా పనిచేస్తుండగానే వినిపించాలి.

చిక్కల్లా ఫోన్ లైన్‌తోనే. రాజమండ్రిలో మా ఇంటికి వచ్చే రాగి తీగ ఎప్పుడో పోయింది, ఇప్పుడున్నది ఫైబర్. ఆ ఫైబర్ డబ్బాకి ఫోన్ పెట్టుకునే సాకెట్ ఉంటుంది కానీ అందులో గొంతు ముక్కలు ముక్కలుగా, ప్యాకెట్లుగా వెళ్తుంది. మనుషులు మాట్లాడుకోవడానికి ఇబ్బందేమీ లేదు. ఒక ముక్క ఆలస్యమైనా, మధ్యలో కాస్త కుదించినా మన చెవి సర్దుకుపోతుంది. మోడెమ్ సర్దుకోదు. దానికి శబ్దమే డేటా కదా, శబ్దం రవ్వంత మారినా డేటా మారినట్టే. పైగా ఇప్పుడు అవతల ఎత్తేవాళ్లు కూడా ఎవరూ లేరు.

అందుకని ఇంట్లోనే ఒక చిన్న ఎక్స్ఛేంజ్ పెట్టేశాను. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్ వేసి, రెండు ఫోన్ పోర్టులున్న అడాప్టర్‌ని దానికి కలిపాను. ఒక పోర్టుకి నాన్న మోడెమ్, రెండో పోర్టుకి ఒక యూఎస్‌బీ మోడెమ్. ఆ రెండోది మళ్లీ రాస్ప్‌బెర్రీ పైకే తగిలించి ఉంటుంది. కాల్ వస్తే అక్కడ ఎంగెట్టీ అనే ప్రోగ్రామ్ ఎత్తుతుంది, తరువాత ఆ కాల్ మీద నెట్ నడిపే పని పీపీపీ చూసుకుంటుంది. శబ్దాన్ని అంకెలుగా మార్చే పద్ధతి, అదే కోడెక్, మాత్రం జీ.711 తప్ప ఇంకేదీ ఉండకూడదు. సెకనుకి 8,000 నమూనాలు, ఒక్కోటి 8 బిట్లు, అంటే 64 కిలోబిట్లు. శబ్దాన్ని అంతకుమించి కుదించదు. అడాప్టర్‌లో ప్రతిధ్వనిని తీసేసే ఎకో క్యాన్సిలేషన్ కూడా ఆపేశాను. దారంతా మా హాల్లోనే, మూరెడు కేబుల్ మీదే కాబట్టి ఆలస్యం గొడవ లేదు.

కంప్యూటర్ వైపు పని తేలికే. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ కొత్తది వేసి, తేదీ సరిచేసి, మోడెమ్‌కి నేరుగా ఆదేశాలిచ్చే హైపర్‌టెర్మినల్ తెరిచి ఏటీ అని కొడితే మోడెమ్ ఓకే అంది. ఇన్నేళ్ల తరువాత ఆ ఒక్క మాట తెర మీద చూడగానే నిజంగా ఒళ్లు పులకరించింది. ఆ తరువాత డయల్-అప్ నెట్‌వర్కింగ్‌లో కొత్త కనెక్షన్, నంబర్ 101, అంటే మా ఇంటి ఎక్స్ఛేంజ్‌లో రెండో మోడెమ్‌కి నేనిచ్చిన నంబర్. మోడెమ్ సెట్టింగుల్లో డయల్ టోన్ కోసం ఆగమనే టిక్ తీసేశాను. మోడెమ్ వెతికే టోన్ ఒకటి, మనం ఇచ్చే టోన్ ఇంకొకటి అయితే అసలు నంబరే కొట్టదు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో కనెక్షన్ అక్కడే ఆగిపోయేది. సర్వర్ టైప్స్‌లో ఇంటర్నెట్‌కి కావలసిన టీసీపీ/ఐపీ ఒక్కటే ఉంచి, ఆఫీసు నెట్‌వర్క్‌ల కోసం ఉన్న నెట్‌బ్యూయీ, ఐపీఎక్స్, లాగాన్ టు నెట్‌వర్క్ మూడూ తీసేయాలి. అవి ఉంటే పాస్‌వర్డ్ సరిపోయాక కూడా లోపలికి వెళ్లడానికి అనవసరంగా టైమ్ పడుతుంది. ఈ సంగతి నాన్న తన పాత నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో గీత గీసి మరీ రాసుకున్నారు.

ఆ నోట్‌బుక్ గురించి ఇంకొంచెం చెప్పాలి. మొదటి పేజీలో పెద్ద అంకెల్లో 172233 అని ఉంది, బీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ సర్వీసు సంచార్‌నెట్‌కి డయల్ చేసే నంబర్. దాని కింద ప్యాక్‌లో ఎన్ని గంటలు వాడారో, ఎన్ని మిగిలాయో తేదీలవారీగా లెక్క. దేశంలో జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా. అదీ మొదట మహానగరాల్లోనే. 1998 చివర్లో ప్రైవేటు కంపెనీలకు అనుమతి వచ్చాక, ఆ తరువాత బీఎస్ఎన్ఎల్ ఏర్పడ్డాక, మా ఊరి లాంటి చోట్ల ఇళ్లలోకి చేరింది. గంటల ప్యాక్‌కి డబ్బు వేరు, ఫోన్ బిల్లు వేరు. అందుకే నాన్న ముందే కూర్చుని ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో మెయిల్ మొత్తం టైప్ చేసుకుని, రాత్రి భోజనాలయ్యాక, కాల్ చార్జీ తగ్గాక కనెక్ట్ చేసేవారు. పంపడం, అందుకోవడం అయిపోగానే లైన్ దానంతట అదే కట్ అయ్యే టిక్ ఒకటి ఉండేది. అది పెట్టుకునేవారు. మళ్లీ కనెక్షన్ తీసేశాక తీరిగ్గా చదివేవారు.

మెయిళ్లు అన్నయ్యవి, టెక్సాస్ నుంచి. తెలుగే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో. అమెరికాలో తెలుగువాళ్లు యూజ్‌నెట్ చర్చా వేదికల్లో కబుర్లు చెప్పుకునే రోజుల నుంచి వాడుకలో ఉన్న ఆర్‌టీఎస్ పద్ధతి, రైస్ యూనివర్సిటీ పేరు మీద వచ్చింది. ఇంగ్లీషు టీ పెద్దక్షరం పడితే ‘ట’, చిన్నక్షరం పడితే ‘త’. నాన్న మొదట్లో ఒక్కో మాటా పైకి చదువుకుంటూ అర్థం చేసుకునేవారు. అమ్మ పక్కన కూర్చుని వినేది. రెండేళ్లలో నాన్న అందులోనే గడగడా జవాబులు రాయడం మొదలుపెట్టారు. విండోస్‌లో తెలుగు యూనికోడ్ ఎక్స్‌పీ నుంచి వచ్చింది కానీ, అప్పటికే మా ఇంట్లో ఎన్ని తెలుగు ఉత్తరాలు అటూ ఇటూ తిరిగాయో.

సాయంత్రం కాఫీ తాగాక నాన్నని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి కనెక్ట్ బటన్ ఆయన చేతే నొక్కించాను. టోన్, నంబర్ అంకెల చప్పుడు, అవతల రింగ్. ఎత్తగానే కూత లాంటి ఒక సన్నని శబ్దం. 2,100 హెర్ట్జ్, 450 మిల్లీసెకన్లకోసారి దాని ఫేజ్ తిరగబడుతుంది, అంటే అల తలకిందులవుతుంది. దారిలో ఉన్న ఎకో క్యాన్సిలర్లకి ‘మీరు పక్కకి తప్పుకోండి, ఇది మనిషి గొంతు కాదు’ అని చెప్పడమన్నమాట. ఆ తరువాత మోడెమ్‌లు రెండూ తమకి వచ్చిన పద్ధతులేమిటో చెప్పుకుంటాయి. పిమ్మట ఒకేసారి బోలెడు స్వరాలు వదిలి, లైన్ మీద ఏ పౌనఃపున్యం ఎంత బాగా అందుతోందో కొలుచుకుంటాయి. చివరికి వచ్చే గరగర కూడా వట్టి రొద కాదు, ఒకదాని సిగ్నల్‌కి ఇంకొకటి తన ఫిల్టర్లని సరిచేసుకోవడం.

నేను ఇవన్నీ చదివి తెలుసుకున్నాను. నాన్నకి చదవకుండానే తెలుసు. గరగర మొదలై ఒక్కసారి ఆగి మళ్లీ వెనక్కి వెళ్లినట్టు వినిపించగానే, “ఇది పడదురా, మళ్లీ కొట్టు” అన్నారు. తెర మీద ఇంకా ఏమీ రాలేదు. ఆయన అన్నట్టే కట్ అయింది. మళ్లీ నొక్కారు. ఈసారి నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని, “ఆగు, ఇంకా మాట్లాడుకుంటున్నాయి” అన్నారు. స్పీకర్ టక్కున ఆగిపోయింది, మోడెమ్ మీద లైన్ కలిసిందని చెప్పే సీడీ (క్యారియర్ డిటెక్ట్) లైటు వెలిగింది, “పడింది” అన్నారు. ఆ తరువాతే తెర మీద పాస్‌వర్డ్ సరిచూస్తున్నానని వచ్చింది.

ఇప్పటి వైఫై పోతే ఏమైందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. రౌటర్ ఆపి మళ్లీ పెట్టడమే. అప్పట్లో హైస్కూలు లెక్కల మేష్టారైన నాన్న ఎక్కడ తేడా వచ్చిందో చెవితో పట్టేసేవారు. లైన్ గరగరా, అవతల ఎత్తలేదా అన్నది విడివిడిగా చెప్పేవారు. ఆ తెలివికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. నాకు మాత్రం అది చాలా పెద్ద విద్యలా అనిపిస్తుంది.

కనెక్షన్ సెకనుకి 31,200 బిట్ల దగ్గర నిలబడింది. డబ్బా మీద 56కె అని ఉన్నా ఇలా రెండు మామూలు మోడెమ్‌ల మధ్య 33,600 దాటదు. 56కె రావాలంటే ఎత్తే వైపు నేరుగా డిజిటల్ లైన్ ఉండాలి, అది కంపెనీల దగ్గరే ఉండేది. మాకొచ్చిన లెక్కన సెకనుకి నాలుగు కిలోబైట్లకి కాస్త తక్కువ. రెండు ఎంబీల వెబ్ పేజీ తెరవాలంటే ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. అయినా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5కి ఇప్పటి సైట్ల ఎన్‌క్రిప్షన్ అర్థమే కాదు. మధ్యలో రాస్ప్‌బెర్రీ పై మీద ఒక ప్రాక్సీ, అంటే మధ్యవర్తి ప్రోగ్రామ్, పెట్టి, బొమ్మలు తీసేసి వట్టి అక్షరాలు పంపిస్తేనే తెరుచుకుంది. తెలుగు పేజీ తెరిస్తే వరసగా డబ్బాలే. దాని మీద నేను పెద్దగా టైమ్ పెట్టలేదు, నాకు కావలసింది మెయిల్.

అన్నయ్యకి పొద్దున్నే వాట్సాప్‌లో చెప్పి ఉంచాను, ఒక ఉత్తరం పాత పద్ధతిలో రాయమని. రాస్ప్‌బెర్రీ పై దాన్ని బయటి నుంచి తెచ్చి, పాత ఔట్‌లుక్‌కి అర్థమయ్యేలా, ఎన్‌క్రిప్షన్ లేని మామూలు పాప్ 3 అనే మెయిల్ పద్ధతిలో అందించింది. ఇంట్లోపలి తీగే కాబట్టి భయం లేదు. నాన్న కళ్లజోడు సర్దుకుని, తలతిప్పకుండా, ఎక్కడా తడుముకోకుండా పైకి చదివారు. అమ్మ వంటింట్లోంచి “ఇంకోసారి చదవండి” అంది.

జవాబు నాన్నే టైప్ చేశారు, కనెక్షన్ తీయించి మరీ. ఖర్చేమీ లేదు నాన్నా, ఉంచుకోవచ్చు అన్నాను. వినలేదు. మెయిల్ అయ్యాక మళ్లీ డయల్ చేసి పంపారు. ఔట్‌లుక్‌లో పాత మెయిళ్ల ఫైల్ ఇంకా అలాగే ఉంది, రేపు రాత్రి దాన్ని ఈ లైన్ మీదే రాస్ప్‌బెర్రీ పైకి కాపీ చేస్తాను. 18 ఎంబీ ఉంది, గంటంబావు పైనే పడుతుంది. నాన్న పక్కన కూర్చుంటానన్నారు.