ఎండగట్టిన చేపల చెరువు, ధనుర్మాసపు మంచు

జనవరి మొదటి ఆదివారం. కైకలూరు దాటి కొల్లేటి లోపలికి.

5:40కి రోడ్డు మీద పది గజాల అవతల ఏమీ కనపడలేదు. గుడి మైకు వినపడుతోంది గాని గుడి ఏ పక్కనుందో తెలియదు. ఈ నెలలో ఇక్కడ మంచు ఇంతే. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి ఆడకపోతే నేల తొందరగా చల్లబడుతుంది, దాన్ని అంటుకుని ఉన్న తడిగాలి కూడా చల్లబడి మంచవుతుంది. దానికి తోడు చెరువుల్లో నీళ్లు గాలికంటే వెచ్చగా ఉండి ఆవిరి కక్కుతుంటాయి. పొద్దు 6:35కి పొడుస్తుంది, కెమెరాకు అక్కరకొచ్చే వెలుతురు మాత్రం ఎనిమిదింటికి గాని రాదు.

ఇలాంటి రోజున కారులో ఏసీ వేయకూడదు. చల్లబడిన లెన్సును తడిగాలిలోకి తీయగానే ముందు అద్దం తెల్లగా కమ్ముకుంటుంది. తుడిస్తే మళ్లీ కమ్ముతుంది, గుడ్డతో పదిసార్లు రుద్దితే అద్దం మీది పూతకు చేటు. సంచి జిప్పు తీయకుండా డిక్కీలోనో బండి మీదో అరగంట వదిలేస్తే సామాను బయటి గాలి వేడికి వస్తుంది. ఆ అరగంటా బైనాక్యులర్‌తో గడపాలి. దాన్ని రాత్రంతా వరండాలోనే ఉంచితే ఈ బాధే లేదు.

బైనాక్యులర్ సంగతి ఒకటి ఇక్కడే రాసుకోవాలి. 8×42 చాలు, అంటే ఎనిమిదింతలు పెద్దది చేసి చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పు. 10×50 బరువు, చేతి వణుకునూ పదింతలు చేసి చూపిస్తుంది. 42ను 8తో భాగిస్తే అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు, అంటే కంటిలోకి వచ్చే వెలుగు గుండ్రం అంత వెడల్పు. మసక వెలుతురులో కంటిపాప విచ్చుకున్నప్పుడు అది బాగా పనికొస్తుంది. కొన్నవాళ్లలో చాలామంది కుడి కంటి దగ్గరి చిన్న చక్రాన్ని ఎప్పుడూ తిప్పరు. ముందు కుడి కన్ను మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి బొమ్మ తేటగా తెచ్చుకోవాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా కుడి చక్రం తిప్పాలి. ఆ చక్రం ఆగిన గీత దగ్గర బొట్టంత రంగు పెట్టుకుంటే మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. ఇది చేయకపోతే గంటలో తలనొప్పి వస్తుంది, తప్పంతా అద్దాల మీదికి పోతుంది.

ఇవాళ వచ్చింది ఎండగడుతున్న చెరువు కోసం. కొల్లేరు అనగానే అందరూ ఆటపాక పక్షుల కేంద్రం వైపే పోతారు. గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని గూళ్ల మీద దగ్గరగా చూడాలంటే అదే చోటు, అనుమానం లేదు. కానీ చలికాలపు వలస పిట్టల్ని, అదీ బురదలో తిరిగే చిన్న ఉల్లంకుల్ని (ఇంగ్లిషులో శాండ్‌పైపర్లు, స్టింటులు) నేర్చుకోవాలంటే పట్టుబడి అయిన చెరువు గట్టుకు మించిన బడి లేదు. బొచ్చె, శీలావతి పట్టేసి, ఇంజను పెట్టి నీళ్లు తోడేస్తారు. మొదటి రోజు మోకాటి లోతు నీళ్లలో మిగిలిన చిల్లర చేపల కోసం కొంగలు, గూడబాతులు, నీటికాకులు, పైన గరుడ పక్షులు, అంతా తిరునాళ్లలా ఉంటుంది. రెండో రోజు, మూడో రోజు నీళ్లు తీసి బురద తేలాక ఉల్లంకులు దిగుతాయి. అయిదారు రోజులకు బురద నెర్రెలు విచ్చి, పురుగులు లోతుకు పోయి, బుల్లి ప్లోవర్లూ తోక ఊపే వాగ్‌టెయిల్ పిట్టలూ మాత్రం మిగులుతాయి. ఆ తర్వాత సున్నం చల్లుతారు, అంతటితో సరి. ఇవాళ మూడో రోజు.

గట్టు మీదికి వెళ్లేముందు కాపలా ఉన్నాయన్ని అడగాలి. చెరువు ఒకరి సొంతం, దాని మీద లక్షల పెట్టుబడి ఉంటుంది, తెలియని మనుషులు సంచులతో గట్టెక్కితే ఎవరికైనా అనుమానమే.

“బాబాయ్, పక్షుల ఫొటోలు తీసుకుంటాం. ఆ మూల దాకా వెళ్లొచ్చా?”

“ఎల్లండి బాబూ. మూల దగ్గర గట్టు జారుద్ది, కాళ్లు చూసుకోండి. కిందకి మాత్రం దిగమాకండి.”

దిగకూడదు కూడా. ఈ నల్లమట్టి బురద బూటును పీల్చి పట్టుకుంటుంది, కాలు వస్తుంది గాని బూటు రాదు. దిగితే పిట్టలు లేచిపోవడం సరేసరి.

కూర్చునే చోటు ఎండను బట్టి. జనవరిలో పొద్దు తిన్నగా తూర్పున కాకుండా ఆగ్నేయంగా పొడుస్తుంది. కాబట్టి చెరువుకు ఆగ్నేయ మూల ఎంచుకుని, వాయవ్యానికి ముఖం పెట్టి కూర్చుంటే వెలుతురు వీపు మీదుగా పోయి పిట్ట మీద పడుతుంది. గట్టు పైన నిలబడితే ఆకాశానికి అడ్డంగా మనిషి ఆకారం కనపడుతుంది, అదే వాటికి భయం. లోపలి వాలు మీద, మూడొంతులు దిగి, యూరియా సంచి పరుచుకుని కూర్చోవాలి. తలకు మట్టిరంగు తువాలు. లెన్సు కింద గింజల సంచి: పాత జీన్సు ప్యాంటు కాలు ఒకటి కోసి, రెండు కొసలూ కుట్టి, కిలోన్నర పెసలో బియ్యమో పోస్తే సరి. ఊక తేలికే గాని లెన్సు బరువుకు అణిగిపోయి నిలవదు. పూర్తిగా నింపినా తప్పే, బంతిలా దొర్లుతుంది, మూడొంతులే నింపాలి. మంచులో తడిస్తే ఇంటికి రాగానే గింజలు ఎండబెట్టాలి, లేకపోతే వారంలో బూజు.

లెన్సు ఇంత కిందికి దిగితే రెండు లాభాలు. పిట్ట కంటి ఎత్తుకు మన కన్ను వస్తుంది. పిట్ట వెనక బురద బదులు ఎక్కడో దూరపు గట్టు పడుతుంది, అది మెత్తగా కరిగిపోతుంది. పైనుంచి తీసిన ఉల్లంకి బొమ్మ ఎంత పెద్దదిగా వచ్చినా బురదలో బురదలానే ఉంటుంది.

7:15. మంచు ఇంకా విడలేదు. కెమెరా తెల్లని మంచును చూసి వెలుగు ఎక్కువుందని పొరబడి బొమ్మను బూడిదరంగు చేస్తుంది. అందుకని ఎక్స్‌పోజర్ (బొమ్మలో వెలుగు) +0.7 నుంచి +1.3 దాకా పెంచాలి. ఫోకస్ వెతుక్కుంటూ ముందుకీ వెనక్కీ పోతుంటే ఒకే పాయింటు ఎంచుకుని, పిట్ట ఉన్నంత దూరంలో ఉన్న గడ్డి అంచు మీద ముందు పట్టించి, తర్వాత పిట్ట మీదికి తేవాలి. ముప్పై మీటర్లు దాటితే ఈకల వివరం ఎలాగూ రాదు. అప్పుడు దగ్గరి బొమ్మ ఆశ వదులుకుని, కిక్కిస గడ్డినీ పిట్టనీ చిన్నగా చట్రంలో ఇమడ్చడమే మేలు. ఇవాళ కొస కర్ర మీద రెక్కలు సగం విప్పుకుని నిలబడ్డ నీటికాకి అలా దొరికింది.

8:10కి తెర తీసినట్టు విడిపోయింది. ఎదురుగా బురద నిండా పిట్టలు.

మొదట చూడాల్సింది రంగు కాదు, ఏది ఎక్కడ నిలబడిందన్నది. కాలి పొడవూ ముక్కు పొడవూ చోటును నిర్ణయిస్తాయి. ఆరిన బురద మీద లిటిల్ రింగ్డ్ ప్లోవర్, కంటి చుట్టూ పసుపు ఉంగరం. నాలుగడుగులు పరిగెత్తి టక్కున ఆగి పొడుస్తుంది. అది కంటితో వేటాడే పిట్ట, ఆగితేనే పురుగు కదలిక కనపడుతుంది. తడి అంచున లిటిల్ స్టింట్, పిచ్చుకంత ఒళ్లు, కుట్టుమిషను సూదిలా ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. మడమ లోతులో వుడ్ శాండ్‌పైపర్లు. పొట్ట లోతులో ఎర్రకాళ్ల స్టిల్టులు, వాటి పక్కన సూది ముక్కు మార్ష్ శాండ్‌పైపర్. ఇవి నీళ్లలో నడుస్తూ ఎక్కువగా కంటితో చూసి, నీళ్ల పైపొరలోని పురుగుల్ని ముక్కుతో ఏరుకుంటాయి. ఈ వరస ఒకసారి మనసుకెక్కితే సగం పిట్టల పేర్లు పుస్తకం తెరవకుండానే వస్తాయి.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది మూడు ఉల్లంకుల దగ్గర: కామన్, వుడ్, గ్రీన్ శాండ్‌పైపర్లు. కామన్ శాండ్‌పైపర్‌కు రొమ్ము పక్కన, రెక్క ముందు, తెల్లని చీలిక పైకి పోతుంది. వెనక భాగం ఆపకుండా ఊపుతుంది, నీళ్ల మీద తక్కువ ఎత్తున బిగుసుకున్న రెక్కలతో ఎగురుతుంది. వుడ్‌కు తెల్లని కనుబొమ గీత కన్ను దాటి వెనక దాకా ఉంటుంది, వీపు నిండా చుక్కలు, కాళ్లు పసుపు చాయ. గ్రీన్‌కు గీత కన్ను ముందే ఆగిపోతుంది, వీపు నల్లగా ఉంటుంది, లేచినప్పుడు రెక్క అడుగున నలుపు, నడుము మీద మెరిసే తెలుపు. గుంపులో దిగేది ఎక్కువగా వుడ్. గ్రీన్ ఒంటరిగా కాలవ మూలల్లో ఉంటుంది. పిలుపు తెలిస్తే చూడనక్కర్లేదు. వుడ్ లేస్తూ చిఫ్-ఇఫ్-ఇఫ్ అని గబగబా అంటుంది, గ్రీన్ గొంతు తేటగా ఈల వేసినట్టు ఉంటుంది.

స్టింటుల్లో మోసం కాళ్ల రంగుది. లిటిల్‌కు నల్లకాళ్లు, టెమ్మింక్స్‌కు పసుపుపచ్చ కాళ్లు అని పుస్తకాల్లో ఉంటుంది. బురద అంటిన కాలికి ఏ రంగూ ఉండదు. బురద ఎండి బూడిదరంగుకు తిరిగితే నల్లకాలు కూడా పసుపులా కనపడుతుంది. రొమ్ము మీద తిన్నగా కోసినట్టున్న బూడిద పట్టీ, లేచినప్పుడు తోక పక్కల తెలుపు చూశాకే టెమ్మింక్స్ అని రాయాలి. చూడకపోతే ‘స్టింట్’ అని వదిలేయడం మర్యాద.

పిట్ట మేత ఆపి తల పైకెత్తిందంటే మనం ఎక్కువ కదిలామని అర్థం. అప్పుడు ఆగాలి. తల ఎగరేస్తూ లోలకంలా ఊగడం మొదలుపెడితే ఇంకో క్షణంలో లేస్తుంది. ఒక్క తీతువు అరిస్తే చెరువు మొత్తం ఖాళీ. సైబీరియా చిత్తడి అడవుల్లో గూడు కట్టి ఇంతదూరం వచ్చిన పిట్టకు చలికాలమంతా తిని కొవ్వు కూడబెట్టుకుంటేనే మళ్లీ తిరుగు ప్రయాణం. ఎగిరే బొమ్మ కోసం చప్పట్లు కొట్టి లేపేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది. అరగంట కదలకుండా కూర్చుంటే అవే నడిచొస్తాయి. ఇవాళ ఒక స్టింట్ నాలుగు మీటర్ల దగ్గరకు వచ్చింది, లెన్సు అంత దగ్గర ఫోకస్ పట్టలేక నేనే తీయడం మానేశాను.

కెమెరా అంకెలు: షట్టర్ వేగం నడిచే పిట్టకు సెకనులో 1/1250 వంతు, పరిగెత్తే స్టింట్‌కు 1/2000, లెన్సు రంధ్రం ఎఫ్ 6.3, ఐఎస్‌ఓ (కెమెరా వెలుగును పట్టే శక్తి) తనంతట తనే 3200 దాకా. ఎండ పడ్డాక నల్ల బురద ముందు తెల్ల కొంగ ఉంటే ఈసారి ఎక్స్‌పోజర్ కిందికి, -0.7 నుంచి -1. పొద్దున పెట్టిన ప్లస్‌ను మరిచిపోతే కొంగ ఈకలన్నీ సున్నంముద్ద అయిపోతాయి, ఏ సాఫ్ట్‌వేరూ వాటిని వెనక్కి తేలేదు.

లెక్క. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది, ఆ అలవాటు ఏ ఆదివారమైనా మంచిదే. మంచు పూర్తిగా విడేదాకా లెక్క మొదలుపెట్టకూడదు. ముందు పది పిట్టల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర పరుచుకున్నాయో కంటికి పట్టించుకోవాలి. ఆ మేరను గుంపు మీద పరుచుకుంటూ పోవాలి. గుంపు పెద్దదైతే యాభైల మేర. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి. రెండు లెక్కలకూ తేడా అయిదో వంతు దాటితే మూడోసారి. ఇవాళ్టి చీటీ: వుడ్ శాండ్‌పైపర్ 140, లిటిల్ స్టింట్ 85, స్టిల్ట్ 62, మార్ష్ 11, లిటిల్ రింగ్డ్ ప్లోవర్ 19, నత్తగుల్ల కొంగ 34, టెమ్మింక్స్ 2.

పక్క చెరువు మీద నీటికాకులు దిగకుండా నైలాన్ దారాలు కట్టారు. రైతు నష్టం నిజమే, ఒక్కో నీటికాకి తినే చేప తక్కువేం కాదు. కానీ మంచులో ఆ సన్నదారం ఏ పిట్టకూ కనపడదు. మూడు గజాలకొక రంగు గుడ్డపీలిక కడితే నీటికాకి దూరం నుంచే తప్పుకుంటుంది, మిగతా పిట్టల రెక్కలు కోసుకుపోవు. బాబాయికి ఆ మాట చెబితే పాత చీర ముక్కలున్నాయన్నాడు.

9:40కి బురద మీద గాలి వణకడం మొదలైంది. ఎండకు వేడెక్కిన పొరా చల్లని పొరా కలిసి, ఎనభై మీటర్ల అవతలి పిట్ట ఫోకస్ సరిగ్గా ఉన్నా నీళ్లలో నీడలా కరిగిపోతుంది. దీనికి సెట్టింగు లేదు. లెన్సు పాడైందని రిపేరుకు ఇచ్చేవాళ్లున్నారు. పదిహేను మీటర్ల లోపుది తీయడం, లేకపోతే కెమెరా మూసేయడం.

అక్కణ్నుంచి ఆటపాక. ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, పిల్లలు తల్లి సంచిలోకి తల దూర్చి తింటున్నాయి. పక్షి పెద్దది, దగ్గరగా ఉంటుంది, 300 మిల్లీమీటర్ల లెన్సు చాలు. పడవలో ట్రైపాడ్ వద్దు, కదలికంతా కాళ్ల గుండా కెమెరాకు ఎక్కుతుంది. మోకాళ్ల మీద మోచేతులు ఆనించి తీయాలి. గంటలో అయిపోయింది.

తిరుగుదారిలో బాబాయి చెయ్యెత్తి ఆపాడు. పొద్దుటి చెరువు గట్టున అప్పుడే సున్నం బస్తాలు దించుతున్నారు. ఉత్తరాన ఉన్న పెద్ద చెరువుకు రేపు ఇంజను పెడతారట. గురువారానికి బురద తేలుతుంది.