అమ్మ చదివిన 22వ కీర్తన

అమ్మానాన్నలు మిషనరీ సేవకై కజకిస్తాన్‌లోని అల్మాటీలో ఉంటూ రష్యన్ నేర్చుకుంటున్నారు. ఈ సాయంత్రం అమ్మ అక్కడి నుంచి వీడియో కాల్‌లో కాపరి కీర్తనను రష్యన్‌లో చదువుతుంటే, సికింద్రాబాద్‌లో మేమంతా తెలుగు బైబిలు తెరిచి వచనం వెంట వచనం అనుసరించాము.

మనకు అది 23వ కీర్తన; 1876 నాటి రష్యన్ సినోదల్ బైబిలు ప్రాచీన గ్రీకు అనువాదంలోని కీర్తనల సంఖ్యాక్రమాన్ని పాటిస్తుంది కనుక అందులో 22వది.

విభక్తులు మనకూ ఉన్నాయి కదా అని నాన్నగారు ఆమెకు ధైర్యం చెబుతుంటారు, కానీ రష్యన్‌లో నామవాచకంతో పాటు దాని ముందున్న విశేషణం కూడా మారిపోతుంది కాబట్టి, ఉద్యోగ విరమణ చేసిన వయసులో ఆ శ్రమ చిన్నది కాదు.

అయినా అక్కడి సంఘంలోని పెద్దవారి కష్టసుఖాలను దుబాసీ లేకుండా నేరుగా వినాలని ఇద్దరూ పట్టుబట్టారు. మిషనరీ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ వినడమే. వచ్చే ఆదివారం కూడికలో నాన్నగారు రష్యన్‌లోనే ప్రార్థన చేస్తారట.