ఎర్లాంగెన్‌లో కాపురం: ముందు పోస్టు డబ్బా, తర్వాతే పొయ్యి

హైదరాబాదు నుంచి జర్మనీలోని ఎర్లాంగెన్‌కి వెళ్ళడంలో విమానం సులువైన భాగం. చిక్కంతా ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న రైల్వే స్టేషన్లో మొదలవుతుంది. నూరెంబర్గ్‌కి నేరుగా ఐసీఈ అనే వేగం రైలు ఉంది, రెండు గంటల పైచిలుకు ప్రయాణం. అక్కడ దిగి రీజనల్ రైలో, ఎస్1 లోకలో పట్టుకుంటే ఇరవై నిమిషాల్లో ఎర్లాంగెన్. చవకని ముందుగా కొనే ‘స్పార్‌ప్రైస్’ టికెట్టు ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. విమానం ఆలస్యమై రైలు తప్పిపోతే డబ్బులు గంగలో పోసినట్టే. అదే రైలు వాళ్ళ వల్ల చేరడం 20 నిమిషాలకు మించి ఆలస్యమయ్యేలా ఉంటే ఆ కట్టుబాటు పోతుంది, తర్వాతి రైలెక్కచ్చు. గంట ఆలస్యమైతే టికెట్టు ధరలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం వెనక్కి అడగచ్చు. జర్మన్ రైళ్ళు గడియారం ప్రకారం నడుస్తాయని మనవైపు ఇంకా నమ్మేవాళ్ళున్నారు గనక ఈ అంకెలు గుర్తుంచుకోవడం మంచిది. సెకండ్ క్లాసులో టికెట్టు వేరు, సీటు రిజర్వేషన్ వేరు. రెండు పెద్ద పెట్టెలతో దిగేవాళ్ళు ఆ సీటు డబ్బు దగ్గర పిసినారితనం చూపకూడదు. కూలీలు దొరకరు, పెట్టె పైకెత్తడం మన భుజాల పనే.

ఊరు చిన్నది. జనాభా లక్ష పైచిలుకు, ఏలూరులో సగం అనుకోవచ్చు. 1686లో ఫ్రాన్సు నుంచి మతం కారణంగా పారిపోయి వచ్చిన హ్యూగెనాట్ల కోసం ఇక్కడి ప్రభువు క్రిస్టియన్ ఎర్న్‌స్ట్ గీత గీసినట్టు కట్టించిన పేట అది. అందుకే ఊరి నడుమ వీధులు అంత తిన్నగా ఉంటాయి, కొత్తవాళ్ళు దారి తప్పడం కష్టం. ఓమ్ సూత్రం కనిపెట్టిన గియోర్గ్ ఓమ్ 1789లో పుట్టింది ఇక్కడే. ఇప్పుడు ఊరంతా సీమెన్స్, యూనివర్సిటీ. మనవాళ్ళు ఇంతమంది ఉండడానికీ ఆ రెండే కారణం. అక్టోబరులో యూనివర్సిటీ మొదలవుతుంది కాబట్టి సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇల్లు వెతకడం నరకం. జాయినింగ్ తేదీ మన చేతిలో ఉంటే దాన్ని ఫిబ్రవరికో, మే నెలకో జరపడం మేలు.

అద్దె ప్రకటనలో రెండంకెలుంటాయి. ‘కాల్ట్’ అంటే ఉత్త అద్దె. ‘వార్మ్’ అంటే హీటింగ్, నీళ్ళు, చెత్త, మెట్ల శుభ్రతతో కలిపి. కరెంటు, ఇంటర్నెట్టు సాధారణంగా రెండింట్లోనూ ఉండవు. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌కి మించకూడదని చట్టం. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది, ఈ మాట ఇంటాయన తనంతట చెప్పడు. ఖాళీ చేయాలంటే మూడు నెలల ముందు సంతకం చేసిన కాగితం ఇవ్వాలి, ఈమెయిల్ చెల్లదు.

నాకు చిరాకెత్తించింది ధరలు కాదు, కాగితాలు. ఇక్కడ ఉద్యోగ జీవితం మొత్తం ఒక రేకు పోస్టు డబ్బా మీద ఆధారపడి నడుస్తుంది. అపార్టుమెంట్లలో చాలావాటికి ఫ్లాట్ నంబరు ఉండదు. చిరునామాలో వీధి, బిల్డింగు నంబరు, అంతే. కింద పన్నెండు డబ్బాలుంటే పోస్టాయన వాటిలో మన ఇంటిపేరు వెతుకుతాడు. కనిపించలేదా, ‘ఈ చిరునామాలో ఈ మనిషి లేడు’ అని ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. కాబట్టి తాళంచెవులు చేతికి రాగానే పెట్టెలు విప్పకముందే డబ్బా మీద, కాలింగ్ బెల్ మీద పేరు అంటించాలి. ఇత్తడి పలక ఇంటాయన తర్వాత తెప్పిస్తాడు. అందాకా ప్రింటు తీసిన కాగితం పెట్టి పైన పారదర్శక టేపు వేయాలి. బాల్‌పెన్నుతో రాస్తే రెండు వానలకు చెరిగిపోతుంది.

ఏ పేరు అంటించాలన్నది తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన తలనొప్పి. ఆఫీసులో అందరూ పిలిచే పేరు కాదు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే రాయాలి. మన ఆడవాళ్ళు చాలామంది పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటారు. భర్త పేరొక్కటే అంటిస్తే భార్య ఉత్తరాలు తిరుగుటపా కడతాయి. రెండు ఇంటిపేర్లూ ఉండాలి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్‌లో ఉన్నవాళ్ళు బయలుదేరకముందే పాస్‌పోర్టు సరిచేయించుకుంటే సగం బాధ తప్పుతుంది. ఎవరింట్లోనైనా గది తీసుకుంటే చిరునామాలో మన పేరు కింద ‘బై’ (bei, అంటే ‘వారింట్లో’) అని రాసి ఆ ఇంటివాళ్ళ పేరు చేర్చాలి.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు టౌన్‌హాల్లో రిజిస్ట్రేషన్, అంటే అన్‌మెల్డుంగ్. అద్దె ఒప్పందం తీసుకెళ్తే చాలదు. ‘ఫలానావారు ఫలానా తేదీన మా ఇంట్లో దిగారు’ అని ఇంటాయన సంతకం చేసిన విడి ఫారం కావాలి. తాత్కాలికంగా ఫర్నిష్డ్ అపార్టుమెంటు బుక్ చేసేవాళ్ళు డబ్బు కట్టకముందే ఆ ఫారం ఇస్తారా అని రాతపూర్వకంగా అడగాలి. ఇవ్వనంటే ఎంత చవకైనా వద్దు. పెళ్ళయినవాళ్ళు మ్యారేజ్ సర్టిఫికెట్‌ని జర్మన్ అనువాదంతో తేవాలి. జీతంలో పన్ను తక్కువ కోసే ట్యాక్స్ క్లాసు 3 అడగడానికి అదే ఆధారం.

అన్‌మెల్డుంగ్ అయిందగ్గర్నుంచి డబ్బా నిండడం మొదలవుతుంది. పదకొండంకెల ట్యాక్స్ ఐడీ పోస్టులోనే వస్తుంది, కొన్ని వారాలు పడుతుంది. అది జీతాల విభాగానికి అందకపోతే క్లాసు 6 కింద భారీగా కోసేసే ప్రమాదముంది. తర్వాత సర్దుబాటవుతుంది గానీ, డిపాజిట్ కట్టాల్సిన నెలలోనే చేతికి తక్కువొస్తే ఇబ్బంది. బ్యాంకు కార్డు ఒక కవరులో, పిన్ మరో రోజు మరో కవరులో. హెల్త్ ఇన్సూరెన్స్ కార్డూ పోస్టులోనే. అందరికన్నా శ్రద్ధగా రాసేది మాత్రం రేడియో, టీవీ రుసుము వాళ్ళు. నెలకు 18.36 యూరోలు, మూడు నెలలకోసారి 55.08. ఇంట్లో టీవీ లేదన్నా, జర్మన్ రాదన్నా వినరు. అయితే అది ఇంటికి ఒకటే. ఫ్లాట్‌లో ఇంకొకరు కడుతుంటే వాళ్ళ నంబరు రాసి పంపితే మన లెక్క మూసేస్తారు. ఆ ఉత్తరాన్ని ప్రకటన కాగితమనుకుని పారేస్తే జరిమానా పెరుగుతూ పోతుంది.

కోర్టులూ ప్రభుత్వ కార్యాలయాలూ పంపే పసుపు కవరు వచ్చిందంటే మరీ జాగ్రత్త. సంతకం తీసుకోకుండా డబ్బాలో వేసినా అది మనకు అందినట్టే చట్టం లెక్క. వేసిన తేదీని పోస్టాయన కవరు మీదే రాస్తాడు, అభ్యంతరం చెప్పే గడువు ఆ తేదీ నుంచే నడుస్తుంది. కాబట్టి లోపలి కాగితంతో పాటు కవరు కూడా దాచాలి. ఇండియా వెళ్ళేటప్పుడు డబ్బా తాళంచెవి నమ్మకమైనవాళ్ళకు ఇచ్చి వెళ్ళడం ఇక్కడ చాదస్తం కాదు.

ఇక వంటిల్లు. చాలా ఫ్లాట్లలో అసలు ఉండదు. గోడలో నీళ్ళ పైపు, పొయ్యికి కరెంటు తీగ, అంతే. లైట్లు కూడా పాత కిరాయిదారు విప్పుకుపోతే కప్పు నుంచి వైర్లు వేలాడతాయి. వెళ్ళేవాళ్ళ దగ్గరే వంటింటి సామాను కొనడం చవక. దానికి వాళ్ళు చెప్పే ధర మీద గట్టిగా బేరమాడచ్చు, విప్పి మోసుకెళ్ళడం వాళ్ళకూ ఖర్చే. కొత్త పొయ్యి బిగించేది ఎలక్ట్రీషియనే, మామూలు ప్లగ్గుకి పెట్టేది కాదు. ఇండక్షన్ అయితే అమ్మ కట్టించిన అల్యూమినియం కుక్కరు పనికిరాదు. అడుగున అయస్కాంతం అంటుకున్న గిన్నెలే పెట్టెలో సర్దాలి. మిక్సీ తెచ్చుకోవచ్చు, ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జులే, పిన్ను మారిస్తే చాలు. రాత్రి పదికి తర్వాత, ఆదివారం పూట మాత్రం దాని జోలికి పోవద్దు.

చాలా వంటిళ్ళలో పొయ్యి మీది చిమ్నీ పొగను బయటికి పంపదు, బొగ్గు ఫిల్టరులోంచి తిప్పి మళ్ళీ గదిలోకే వదులుతుంది. ఎండుమిరపకాయల తాలింపు వాసన చలికోటుకి పట్టిందంటే సోమవారం మీటింగు దాకా మనతోనే వస్తుంది. కోట్లు వేరే గదిలో పెట్టి తలుపు మూశాకే తాలింపు వేయాలి. తర్వాత కిటికీలన్నీ ఐదు పది నిమిషాలు బార్లా తెరవాలి. చలికాలంలోనూ అంతే. కిటికీని కొంచెం వంచి రోజంతా వదిలేస్తే గోడలు చల్లబడి మూలల్లో నల్లబూజు పడుతుంది. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ కోయడానికి ఇంటాయన ముందు చూసేది ఆ మూలలే.

ఎర్లాంగెన్ ఉన్న బవేరియా రాష్ట్రంలో షాపులు రాత్రి ఎనిమిదికి మూసేస్తారు, ఆదివారం అసలు తెరవరు. స్టేషన్లోని షాపులు, కొన్ని బేకరీలు మినహాయింపు. శనివారం సాయంత్రం పెరుగు మర్చిపోతే స్టేషను దాకా పోవాలి, లేదా సోమవారం దాకా ఆగాల్సిందే. పెరుగన్నానికి 3.5 శాతం కొవ్వున్న మామూలు యోగర్ట్ బాగుంటుంది, గ్రీకు రకం మరీ చిక్కన.

ఊళ్ళో కారు అక్కర్లేదు. మన లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది, ఆ తర్వాత రాతపరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ మళ్ళీ రాయాలి. రాతపరీక్ష ఇంగ్లీషులో రాయచ్చు. 1970ల నుంచే మేయర్ డీట్మార్ హాల్‌వెగ్ పట్టుబట్టి వేయించిన సైకిల్ దారులున్నాయి కాబట్టి పాత సైకిలు ఒకటి కొనుక్కుంటే ఆఫీసు, షాపు, స్టేషను అన్నీ అందుతాయి. కొనేటప్పుడు ముందూ వెనకా లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకోవాలి. చీకట్లో లైటు లేకుండా పట్టుబడితే 20 యూరోలు.